లండీఖానా ఎంత దూరం?
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

1971 యుద్ధంలో పాకిస్తాన్‌కు చిక్కి, రావల్పిండి శిబిరం గోడకు కన్నం పెట్టి పారిపోయిన ముగ్గురు భారత వైమానిక దళ అధికారుల గురించి కిందటి సంచికలో రాశాం. దిలీప్ పరుల్కర్, మల్వీందర్ సింగ్ గ్రెవాల్, హరీశ్ సిన్హ్‌జీ. వాళ్లకు నాయకుడైన పరుల్కర్ 2025 ఆగస్టులో కన్నుమూశారు. ఆ వ్యాసం మీద వచ్చిన ఉత్తరాల్లో ఒకే సంగతి అడిగినవాటిని కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: సిమ్లా ఒప్పందం మీద 1972 జులై 2న సంతకాలు అయిపోయాయి. ఇంకో నెలో రెండు నెలలో ఇంటికి పంపేవాళ్లే కదా. ఆగస్టు 12 రాత్రి అంత ప్రమాదం నెత్తికెత్తుకోవడం ఎందుకు? (అనంతపురం నుంచి)

సిమ్లా ఒప్పందంలో ఖైదీల విడుదలకు తేదీ లేదు. సైన్యాలు ఎక్కడికి వెనక్కి తగ్గాలో రాసుకున్నారు గానీ, ఖైదీల సంగతి మాత్రం ‘ఇరుపక్షాల ప్రతినిధులు తర్వాత కూర్చుని మాట్లాడుకోవాలి’ అనే జాబితాలోకి నెట్టేశారు. మన చేతిలో ఉన్న సుమారు 93,000 మంది పాక్ ఖైదీలు తూర్పున భారత, బంగ్లాదేశ్ దళాల ఉమ్మడి కమాండుకు లొంగినవాళ్లు. బంగ్లాదేశ్ సరేననకుండా వాళ్లను పంపడం కుదరదని భారత్ పట్టుబట్టింది. బంగ్లాదేశ్‌ను గుర్తించడానికి పాకిస్తాన్ సిద్ధంగా లేదు. ఆ చిక్కుముడి 1973 ఆగస్టు నాటి ఢిల్లీ ఒప్పందం దాకా వీడలేదు. ఆఖరి ఖైదీలు సరిహద్దు దాటేసరికి 1974 ఏప్రిల్ వచ్చింది.

పడమటి సరిహద్దులో దొరికినవాళ్లను రెండు దేశాలూ 1972 డిసెంబరు 1న వదిలేశాయి, నిజమే. మన వైమానిక దళం వాళ్లు వాఘా దగ్గర గేటు దాటింది ఆ రోజే. కానీ ఆగస్టులో రావల్పిండి గదిలో కూర్చున్నవాడికి ఆ తేదీ ఎలా తెలుస్తుంది? పేపర్లలో చర్చలు ముందుకు సాగని వార్తలే కనిపించేవి. ‘మూడున్నర నెలలు ఓపిక పట్టలేకపోయారా’ అనడం పరీక్ష రాశాక జవాబు పత్రం చూసినట్టు ఉంటుంది.

ప్రశ్న: గోడకు కన్నం వేస్తే చప్పుడు రాదా? మట్టి, ఇటుక ముక్కలు ఎక్కడ దాచారు? దిక్సూచి కూడా గదిలోనే చేశారని రాశారు, ఎలా? (ఖమ్మం, ఏలూరు, మదనపల్లి నుంచి)

మొదట సొరంగం ఆలోచన కూడా నడిచింది. సొరంగంతో చిక్కు తవ్వడంలో లేదు, తవ్విన మట్టిలో ఉంది. గట్టిపడి ఉన్న నేలను తవ్వితే మట్టి గుల్లబారి, గుంటలో ఉన్నదానికంటే పావు వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, పెరుగుతుంది. పన్నెండు మంది ఉన్న చిన్న శిబిరంలో ఆ కుప్పను ఎక్కడ పొయ్యాలి? గోడ కన్నంలో ఆ బెడద తక్కువ. అడుగున్నర వెడల్పు కన్నానికి ఊడేవి కొన్ని పదుల ఇటుకలు. మంచం కిందా, పార్సిళ్లు వచ్చిన ఖాళీ పెట్టెల్లోనూ పట్టేస్తాయి.

కన్నానికి శిబిరంలోని అయిదో నంబరు గదిని ఎంచుకోవడానికి కారణం దాని వెనక గోడ. అటు శిబిరం ఆవరణ కాదు, పక్క కార్యాలయం పెరడు. అది దాటితే రోడ్డు. ఇటుక గోడలో బలహీనమైనది ఇటుక కాదు, ఇటుకకూ ఇటుకకూ మధ్య సందు. అందులోని సున్నమో సిమెంటో మొనదేలిన చిన్న పనిముట్టుతో గీకుతూ పోతే ఇటుక చెక్కుచెదరకుండా కదులుతుంది. సుత్తి అక్కర్లేదు, దెబ్బ చప్పుడూ ఉండదు. మొదటి ఇటుక తీయడమే కష్టం. నాలుగు వైపులా పట్టు ఉంటుంది కాబట్టి దానికి గంటలు పడుతుంది. అది ఊడాక పక్కవాటికి ఒకవైపు ఖాళీ దొరుకుతుంది, పని వేగం అందుకుంటుంది. పగలు మంచాన్ని గోడకు ఆనించేసి, రాత్రి కాపలావాడు వరండా ఆ చివరికి వెళ్లినప్పుడు మాత్రం గీకడం.

అసలు మెళకువ ఆఖరి పొరలో ఉంది. ఇటుకలన్నీ తీసేశాక గోడకు బయటివైపు గిలాబా మిగులుతుంది. దాన్ని ముందే పగలగొడితే పొద్దున పెరట్లో నిలబడ్డవాడికి గోడలో చిల్లు కనిపిస్తుంది. అందుకని ఆ అర అంగుళం, ముప్పావు అంగుళం పొరను బయల్దేరే రాత్రి దాకా ముట్టుకోకూడదు. చిక్కు కూడా అక్కడే. వానకు ఎదురొడ్డే బయటి పూతలో సిమెంటు పాలు ఎక్కువ. లోపలి సందుల్లా పొడిపొడిగా రాలదు, పెళ్లలుగా విరుగుతుంది, విరిగేటప్పుడు చప్పుడు చేస్తుంది. ఆ ఆగస్టు రాత్రి గాలివాన రావడం వాళ్లకు కలిసొచ్చింది. హోరులో చప్పుడు కలిసిపోయింది, కాపలావాళ్లు తల దాచుకున్నారు.

ఇక దిక్సూచి. కుట్టుసూది చుట్టూ పూత ఉన్న రాగితీగను పొరలు పొరలుగా, ఒకే దిశలో చుట్టి, ట్రాన్సిస్టరు బ్యాటరీని కొన్ని క్షణాలు కలిపితే సూదికి అయస్కాంత గుణం వస్తుంది. ఎక్కువసేపు కలిపి ఉంచితే తీగ వేడెక్కి బ్యాటరీ చస్తుందే తప్ప లాభం లేదు. చొక్కా ప్రెస్ బటన్ గుంటలాంటి నున్నటి దాని మీద సూదిని సమతూకంగా నిలిపితే తిరుగుతుంది. ఏ కొన ఉత్తరమో చుట్టిన దిశను బట్టి మారుతుంది కాబట్టి పొద్దున సూర్యుడితో సరిచూసి ఆ కొనకు గుర్తు పెట్టుకోవాలి. ఇనుప మంచం పక్కన పెట్టి చూస్తే మంచం వైపే లాగుతుంది. చాలామంది ‘పని చేయలేదు’ అని పారేసేది ఇందుకే.

నీళ్లకు వాడినది యుద్ధ విమాన చోదకులు తొడుక్కునే జీ-సూట్. వేగంగా మలుపు తిరిగేటప్పుడు రక్తం కాళ్లలోకి దిగిపోకుండా తొడలనూ పొట్టనూ నొక్కే గాలి సంచులు అందులో ఉంటాయి. గాలి నిలిచే చోట నీళ్లూ నిలుస్తాయి. ఈ ఆలోచన పైలట్‌కు తప్ప ఇంకొకరికి వచ్చేది కాదు!

ప్రశ్న: రావల్పిండి నుంచి కశ్మీర్ దగ్గర. పశ్చిమాన ఖైబర్ కనుమ వైపు పోవడం పొరపాటు కాదా? అక్కడ చిక్కిందెలా? (హన్మకొండ నుంచి)

పొరపాటు దిక్కులో లేదు. తూర్పున దూరం తక్కువే గానీ ఆ నేలంతా రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలిచి ఉన్న చోటు. మందుపాతరలు, రాత్రి గస్తీలు, రెండు వైపులా ముందు కాల్చి తర్వాత అడిగే తుపాకులు. అవతలివాడి కాపలా దాటినా మనవాడి తూటా తగలొచ్చు. అఫ్గానిస్తాన్ ఆ యుద్ధంలో తటస్థ దేశం. పెషావర్ దాకా బస్సు ఉంది, అక్కడి నుంచి జమ్రూద్ మీదుగా లండీకోటల్ దాకా జనం రోజూ తిరిగే దారి ఉంది. పఠాన్ దుస్తులు వేసుకుని జనంలో కలిసిపోవచ్చు. లెక్క సరైనదే.

ఆ లెక్క ప్రకారమే నడిచింది కూడా. అర్ధరాత్రి దాటాక రోడ్డెక్కి, రెండో ఆట సినిమా వదిలిన జనంలో కలిసి బస్టాండుకు, అక్కడి నుంచి పెషావర్‌కు, తర్వాత టాంగా, మళ్లీ బస్సు. 13వ తేదీ పొద్దున లండీకోటల్‌లో దిగారు. సరిహద్దు ఇంకా నాలుగైదు మైళ్లు.

దెబ్బ కొట్టింది పటం. చేతికి దొరికిన అట్లాసులో రైలు మార్గం లండీకోటల్ దాటి లండీఖానా అనే స్టేషన్ దాకా ఉంది. సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఆఖరి స్టేషన్ అదే. ముందు అక్కడికి చేరి, ఆ పక్కనుంచి దాటాలని ఆలోచన. ఖైబర్ రైలు లండీకోటల్‌కు వచ్చింది 1925 నవంబరులో. లండీఖానాకు పొడిగించింది 1926 ఏప్రిల్‌లో. ఆ చివరి ముక్కను బ్రిటిష్‌వాళ్లు 1932 డిసెంబరులోనే మూసేశారు. స్టేషన్ మూతపడి నలభై ఏళ్లయింది, పటంలో మాత్రం బతికే ఉంది. కొత్త ముద్రణల్లో పట్టణాల పేర్లు దిద్దుతారు, ఎక్కడో కొండల్లో చిన్న రైలు కొసను చెరిపేవాడు ఉండడు.

‘లండీఖానాకు ఎలా పోవాలి?’ అని టీ కొట్టు దగ్గర అడిగారు. ఆ ఊళ్లో ఆ పేరుతో దారి అడిగేవాడు ఉండడు. స్థానికుడైతే సరిహద్దు గేటు పేరు చెప్పి ‘తోర్ఖమ్’ అంటాడు. పక్కనే ఉన్న తహసీల్దారు కార్యాలయం గుమస్తాకు అనుమానం వచ్చింది. వీళ్లు భారతీయులని కాదు, బెంగాలీలని! పాకిస్తాన్‌లో చిక్కుకుపోయిన బెంగాలీలు అప్పట్లో ఆ దారినే అఫ్గానిస్తాన్‌కు జారుకుంటున్నారు. ముఖకవళికలు పఠాన్లవి కావు, పష్తో రాదు, సరిహద్దు వైపు పోతున్నారు. వాళ్ల కంటికి బెంగాలీలే.

‘పాకిస్తాన్ వైమానిక దళం వాళ్లం, లాహోర్ నుంచి సెలవులో వచ్చాం’ అని ముందే అల్లుకున్న కథ చెప్పారు. ఆ కథలో క్రైస్తవ పేర్లు కూడా వాడుకోవడానికి కారణం ఉంది. ముస్లింలమంటే నమాజు, ఆచారాల దగ్గర తడబడితే దొరికిపోతారు. అయినా సోదాలో కథ నిలవలేదు. గిరిజన ప్రాంతంలో గూఢచారి అనుకుంటే అక్కడికక్కడే కాల్చేసే ప్రమాదం ఉంది. అప్పుడు పరుల్కర్ చేసిన పని మా దృష్టిలో గోడ తవ్వడం కన్నా గొప్పది. స్క్వాడ్రన్ లీడర్ ఉస్మాన్ హమీద్‌తో ఫోనులో మాట్లాడతానన్నాడు. రావల్పిండి శిబిరానికి మొదట అధికారిగా ఉండి, తర్వాత పాక్ వైమానిక దళాధిపతికి ఏడీసీగా (వ్యక్తిగత సహాయాధికారిగా) వెళ్లినవాడు ఆయన. ఆయన గొంతు గుర్తుపట్టి, వీళ్లు యుద్ధఖైదీలని చెప్పేసరికి ప్రాణాలు దక్కాయి. తమ గుట్టు తామే విప్పుకుని బతికారు.

ప్రశ్న: దొరికాక వాళ్లను నేరస్తుల్లా శిక్షించవచ్చా? దొంగ పేర్లు, మామూలు బట్టలు, గోడ పగలగొట్టడం, ఇవన్నీ నేరాలే కదా. (న్యాయవాది, కర్నూలు)

1949 నాటి మూడో జెనీవా ఒప్పందం దీనికి వివరంగా జవాబు చెబుతుంది. పారిపోయే ప్రయత్నం విఫలమైతే 92వ అధికరణం ప్రకారం క్రమశిక్షణ చర్య మాత్రమే. ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే. ఆ చర్యకు గరిష్ఠ పరిమితి 30 రోజులు (90వ అధికరణం). ఆ ముగ్గురికీ ఏకాంత నిర్బంధం పడింది. మిగతావాళ్లనూ రావల్పిండిలో ఉంచకుండా లయల్‌పూర్ జైలుకు, అంటే ఇప్పటి ఫైసలాబాద్‌కు, మార్చారు.

మీరు అడిగిన మూడింటికీ 93వ అధికరణం ఉంది. పారిపోవడం కోసమే, మనుషుల ప్రాణానికీ ఒంటికీ హాని చేయకుండా చేసిన పనులు, అంటే ప్రభుత్వ ఆస్తికి నష్టం, సొంత లాభం లేని దొంగతనం, దొంగ కాగితాలు, పౌరుల దుస్తులు, వీటన్నిటికీ క్రమశిక్షణ చర్యే. కాపలావాణ్ని కొట్టి పారిపోతే మాత్రం ఆ రక్షణ పోతుంది, కోర్టు విచారణ మొదలవుతుంది. గొంతు నొక్కడానికి బదులు గోడ గీకుతూ వారాలు గడపడం వెనక ఈ తెలివిడి కూడా ఉంది.

కాపలావాడు కాల్చవచ్చా అని మరొకరు అడిగారు. 42వ అధికరణం ప్రకారం అది ఆఖరి మార్గం, ముందు హెచ్చరించి తీరాలి. ఇక 91 అన్నిటికన్నా విచిత్రం. ఖైదీ శత్రువు ఏలుబడిలోని నేల దాటితే పరారీ ‘సఫలమైనట్టు’. తర్వాత మరో యుద్ధరంగంలో మళ్లీ దొరికినా పాత పరారీకి శిక్ష వేయకూడదు. తోర్ఖమ్ గేటు అవతల ఒక్క అడుగు వేసి ఉంటే చాలు.

చేతిఖర్చు ఎక్కడిదని అడిగినవారికి: 60వ అధికరణం మేజర్ కంటే కింది హోదా అధికారికి నెలకు 50 స్విస్ ఫ్రాంకుల విలువ ముందస్తు జీతంగా ఇమ్మంటుంది. సిపాయికి 8. ఖైదీ దగ్గర నగదు ఎంత ఉండాలో పరిమితి పెట్టే హక్కు శిబిరానికి ఉంటుంది. కూపన్లు కాక నోట్లు చేతికిస్తే బస్సు టికెట్టు కొనిచ్చినట్టే.

ప్రశ్న: అంత సాహసానికి వీరచక్ర ఎందుకు ఇవ్వలేదు? (అయిదుగురు అడిగారు)

పరుల్కర్‌కు వచ్చిన పతకాలు రెండు. 1965 యుద్ధంలో విమానానికి తూటాలు తగిలి, కుడిచేతికి గాయమై, దూకెయ్యమని నాయకుడు చెప్పినా విమానాన్ని స్థావరానికి తెచ్చి దించినందుకు వాయుసేన పతకం. తర్వాత విశిష్ట సేవా పతకం. ఆ రెండోదాని ప్రశంసాపత్రంలో రావల్పిండి పరారీ ప్రస్తావన ఉంది. కానీ పేరులోనే ఉన్నట్టు అది సేవకు ఇచ్చేది, శౌర్య పతకాల వరుసలోది కాదు.

పరమవీర, మహావీర, వీరచక్రలు శత్రువు ఎదుట చూపిన శౌర్యానికి. ‘ఎదుట’ అన్న మాటను మన వ్యవస్థ పోరాటం అనే అర్థంలోనే తీసుకుంటూ వచ్చింది. 2019 ఫిబ్రవరి 27న చిక్కి మార్చి 1న తిరిగొచ్చిన అభినందన్ వర్ధమాన్‌కు వీరచక్ర వచ్చింది ఆకాశంలో జరిగిన పోరుకు, చెరలో గడిపిన రోజులకు కాదు. పైగా సిఫారసు రాయాలంటే చూసిన పై అధికారి కావాలి. చెరలో జరిగినదానికి సాక్షులు తోటి ఖైదీలే.

బయటి దేశాల్లో తీరు వేరు. జర్మనీలో యుద్ధఖైదీలను ఉంచిన కోల్డిట్జ్ కోట నుంచి 1942 జనవరిలో బయటపడిన బ్రిటిష్ అధికారి ఎయిరీ నీవ్‌కు మిలిటరీ క్రాస్ ఇచ్చారు. లావోస్ అడవి శిబిరం నుంచి 1966లో తప్పించుకుని, 23 రోజులు అడవిలో తిరిగి బతికిన అమెరికా నేవీ పైలట్ డీటర్ డెంగ్లర్‌కు నేవీ క్రాస్ ఇచ్చారు. వాళ్లిద్దరూ స్వపక్షం చేరారు, మనవాళ్లు చేరలేదు, ఆ తేడా ఉంది. అయినా అయిదో నంబరు గది గోడకు సేవా పతకం చాలదన్నదే మా అభిప్రాయం.

ప్రశ్న: కార్గిల్ నచికేత తెలుగువారేనా? ఆయనకు ఏ పతకం? (తణుకు నుంచి)

ఇంటిపేరు కంభంపాటి. 1999 మే 27న బటాలిక్ ప్రాంతంలో దాడి చేస్తుండగా మిగ్-27 ఇంజిన్ ఆరిపోయి, పారాచూట్‌తో దూకి పాక్ సైనికులకు చిక్కారు. ఎనిమిది రోజులకు విడుదలయ్యారు. వాయుసేన పతకం ఇచ్చారు. దూకినప్పుడు వెన్నుకు తగిలిన దెబ్బవల్ల యుద్ధ విమానాలు వదిలి రవాణా విభాగానికి మారారు.

ప్రశ్న: మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో పట్టుబడి తప్పించుకొచ్చారని, ఏదో పతకం ఇచ్చారని అమ్మమ్మ చెప్పేది. పెట్టెలో మూడు పతకాలున్నాయి. నిజం తెలుసుకునే దారి ఉందా? (శ్రీకాకుళం నుంచి)

ముందు పతకాలను చింతపండుతోనో బ్రాసోతోనో తోమకండి. భారత సైనికులకు ఇచ్చినవాటిలో చాలావాటి మీద నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. గుండ్రటి పతకానికి అంచు మీద, నక్షత్రం ఆకారానిదైతే వెనక చూడండి. అక్షరాలు అరిగిపోయి ఉంటే కొంచెం టాల్కం పౌడరు రాసి మెత్తటి గుడ్డతో పైపైన తుడవండి. గుంటల్లో పౌడరు నిలుస్తుంది. చీకటి గదిలో టార్చిలైటును పక్కనుంచి ఏటవాలుగా వేస్తే ఇంకా బాగా కనిపిస్తుంది.

సర్వీసు నంబరే తాళంచెవి. పేరును నమ్ముకోవద్దు. ఇంగ్లీషు గుమస్తా చెవికి వినబడ్డట్టు రాసిన పేరు అది, ఇంటిపేరు సాధారణంగా ఉండదు. అప్పలస్వామి నాలుగు రకాల స్పెల్లింగుల్లో దొరుకుతాడు. పేరు పక్కన ‘ఎస్ అండ్ ఎం’ అని ఉంటే శాపర్స్ అండ్ మైనర్స్, అంటే సైనిక ఇంజినీర్ల దళం. తెలుగువారైతే చాలావరకు మద్రాస్ శాపర్స్, దాని రికార్డుల కార్యాలయం బెంగళూరులో. మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరిలోని వెల్లింగ్టన్‌లో. నంబరు, ఊరు, పాత తాలూకా, చేరిన ఏడాది రాసి దరఖాస్తు చేయండి. అమ్మమ్మగారికి పింఛనో సాయమో వచ్చి ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కాగితాలు ఉండవచ్చు.

యుద్ధంలో పాల్గొన్న అందరికీ ఇచ్చే పతకాలు వేరు, శౌర్యానికి ఇచ్చేవి వేరు. 1939–45 స్టార్, ఆఫ్రికా స్టార్, వార్ మెడల్ వంటివి మొదటి రకం. మీ పెట్టెలోని మూడూ అవే కావచ్చు. మిలిటరీ మెడల్, ఐడీఎస్‌ఎం (ఇండియన్ డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్), ఐఓఎం (ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్) ఉంటే అవి శౌర్యానికి. వాటి సిఫారసు పత్రాలు లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ‘డబ్ల్యూవో 373’ అనే వరుసలో ఉన్నాయి, పేరుతో ఆన్‌లైన్లో వెతకవచ్చు. తప్పించుకొచ్చినవాళ్లను ప్రశ్నించి రాసుకున్న నివేదికలు ‘డబ్ల్యూవో 208’లో ఉన్నాయి. జపాన్ చెరలో ఉన్నవారి కార్డులు ‘డబ్ల్యూవో 345’లో.

ఆఫ్రికాలోనో ఇటలీలోనో చిక్కి ఉంటే జెనీవాలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ అభిలేఖాగారానికి రాయండి. దరఖాస్తులు విడతలవారీగా, పరిమితంగా తీసుకుంటారు. సింగపూర్‌లో 1942 ఫిబ్రవరిలో చిక్కినవారైతే ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరిన అవకాశం కూడా చూడాలి. ఆ ఫైళ్లు ఢిల్లీ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి, ‘అభిలేఖ్ పటల్’ పోర్టల్‌లో వెతకవచ్చు. అంచు మీది అక్షరాలు ఫోటో తీసి మాకు పంపితే, అవి ఏ దళానివో వచ్చే సంచికలో చెబుతాం.